డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ – ఆలస్యంగా అందిన గుర్తింపు

మన దేశంలో తొలి టెస్ట్ ట్యూబ్ శిశువు పుట్టుకకు కారకుడైన శాస్త్రవేత్త డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ. ఆయన 1931 జనవరి 16న హజారీబాగ్‌లో జన్మించారు. ఆ ఊరు అప్పట్లో బిహార్‌లో ఉండేది, ఇప్పుడు ఝార్ఖండ్‌లో ఉంది. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో శరీరధర్మశాస్త్రం చదివి, 1955లో వైద్య పట్టా పొందారు. 1958లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి, 1967లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్లు అందుకున్నారు. ఎడిన్‌బరోలో ఆయన పునరుత్పత్తి హార్మోన్ల మీద పరిశోధన చేశారు. అక్కడే స్థిరపడకుండా కలకత్తాకు తిరిగి వచ్చి, వైద్య కళాశాలలో పాఠాలు చెబుతూ పరిశోధన కొనసాగించారు.

ఆయన పని గొప్పతనం తెలియాలంటే అండాశయం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. అండాశయంలో అండాలు పుటికలు అనే చిన్న సంచుల్లో ఉంటాయి. మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఆ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు పుటిక కణాల మీద ఉంటాయి. హార్మోను తాళంచెవి అయితే గ్రాహకం తాళం లాంటిది. తాళం లేని చోట తాళంచెవితో పని లేదు కదా!

ప్రతి నెలా కొన్ని పుటికలు కలిసి పెరగడం మొదలుపెడతాయి. కొన్నాళ్లకు ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గిపోతుంది. అప్పటికి ఆ హార్మోనుకు అన్నిటికంటే బాగా స్పందిస్తూ, ఎల్‌హెచ్ గ్రాహకాలను కూడా సంపాదించుకున్న పుటిక ఒక్కటే సాధారణంగా నిలబడుతుంది. మిగిలినవి వాడిపోతాయి. చివరకు ఎల్‌హెచ్ ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ పుటిక నుంచి అండం విడుదలవుతుంది.

సుభాష్ దగ్గరకు వచ్చిన ఒక తల్లికి అండవాహికలు దెబ్బతిన్నాయి. అందుకే ఆమెకు సంతానం కలగలేదు. ఆయన ఆమెకు బయటి నుంచి హార్మోన్లు ఇచ్చారు. ఇలా ఇస్తే ఒక్క పుటికతో ఆగకుండా మరికొన్ని కూడా పెరుగుతాయి. అండాలను యోని మార్గంలో సేకరించి, ప్రయోగశాలలో ఫలదీకరణ చేశారు. హార్మోన్లు ఇచ్చిన నెలలో గర్భాశయం పొర పిండానికి అనువుగా లేకపోవచ్చు. ఆయన పిండాలను అతిశీతల స్థితిలో భద్రపరిచి, తరువాత సహజంగా వచ్చిన చక్రంలో గర్భాశయంలో ఉంచారు. ఈ పనిలో శీతలీకరణ నిపుణుడు సునీత్ ముఖర్జీ, స్త్రీల వైద్య నిపుణుడు సరోజ్ కాంతి భట్టాచార్య ఆయనకు తోడుగా నిలిచారు.

1978 అక్టోబరు 3న కలకత్తాలో ఒక ఆడపిల్ల పుట్టింది. లోకం ఆమెను దుర్గ పేరుతో ఎరుగును. ప్రపంచంలో తొలి టెస్ట్ ట్యూబ్ శిశువు లూయీ బ్రౌన్ ఇంగ్లండులో పుట్టి అప్పటికి కేవలం 70 రోజులు!

అయితే ఆయనకు ప్రశంసలు దక్కలేదు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన సంఘం ఆయన మాట నమ్మలేదు. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం ఆహ్వానించినా వెళ్లడానికి అనుమతి రాలేదు. 1981 జూన్‌లో ఆయనను కలకత్తాలోని ఒక నేత్ర వైద్య సంస్థకు బదిలీ చేశారు. హార్మోన్లు తప్ప వేరే ధ్యాస లేని మనిషికి కంటి ఆసుపత్రిలో ఏం పని? బదిలీ అంటే ఏమిటో మన ఇళ్లలో అందరికీ తెలుసు. మనకు ఊరు మారుతుంది, బడి మారుతుంది. ఆయనకు మాత్రం జీవితమంతా చేసిన పనే చేజారిపోయింది. అదే నెల 19న ఆయన తన ప్రాణాలు తానే తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 50 ఏళ్లు.

1986లో ముంబైలో పుట్టిన హర్షను దేశంలో తొలి టెస్ట్ ట్యూబ్ శిశువుగా అందరూ చెప్పుకున్నారు. ఆ విజయం వెనుక ఉన్న శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్. 1997లో సుభాష్ రాసిపెట్టుకున్న కాగితాలు ఆయన చేతికి వచ్చాయి. వాటిని శ్రద్ధగా పరిశీలించి, ఆ ఘనత తనది కాదని, సుభాష్‌దేనని ఆయన కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. తన పేరున ఉన్న కీర్తిని మరొకరికి అప్పగించడానికి ఎంత పెద్ద మనసు కావాలి!

హార్మోన్లతో ఎక్కువ అండాలను పెంచడం, యోని మార్గంలో సేకరించడం, పిండాలను శీతలీకరించడం – సుభాష్ చేసిన ఈ మూడూ నేడు ప్రపంచమంతటా వైద్యులు అనుసరిస్తున్న పద్ధతులే.

ఆయన జీవితం మనకు రెండు విషయాలు నేర్పుతుంది. చేసిన పనిని ఎప్పటికప్పుడు శ్రద్ధగా రాసిపెట్టుకోవాలి. మనం చెప్పలేని రోజున ఆ కాగితాలే మన తరఫున మాట్లాడతాయి. ఎంతటి అవమానం ఎదురైనా బాధను మనసులోనే దాచుకోకుండా అమ్మానాన్నలతోనో, గురువులతోనో చెప్పుకోవాలి. నిజం ఆలస్యంగానైనా బయటపడుతుంది. ఆ రోజు చూడడానికి మనం ఉండాలి.