పిచ్చికుక్క కాటుకు మందు కనిపెట్టిన లూయీ పాశ్చర్

కుక్క కరిస్తే పసరు పోయడం, గాయానికి సున్నమో కారమో పూయడం, మంత్రం వేయించడం మన పల్లెల్లో తరతరాలుగా విన్న మాటలే. ఆ కాటుకు నిజమైన మందును లోకానికి అందించిన మహనీయుడి గురించి ఈ వారం తెలుసుకుందాం.

లూయీ పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశంలోని దోల్ పట్టణంలో ఒక కతోలిక కుటుంబంలో జన్మించారు. తండ్రి తోళ్లు పదును చేసి కుటుంబాన్ని పోషించేవారు. పాశ్చర్‌కు ఎనిమిదేళ్లప్పుడు, వారు నివసించే అర్బ్వా ప్రాంతంలో ఒక పిచ్చి తోడేలు పలువురిని కరిచింది. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముతో ఆ గాయాలకు వాతలు పెట్టడం ఆ పసివాడు చూశాడు. అప్పటికి తెలిసిన వైద్యం అదే.

ఆయన పెద్దయ్యాక రసాయన శాస్త్రవేత్త అయ్యారు కాని వైద్యుడు కాదు. కష్టాలకు కొదువ లేదు. ఐదుగురు బిడ్డల్లో ముగ్గురు చిన్నతనంలోనే కన్నుమూశారు. 1868లో పక్షవాతం వచ్చి ఎడమ భాగం దెబ్బతింది. అయినా ఆయన పరిశోధన మానలేదు.

ఈ రోగం ఎందుకంత భయంకరమో ఆలోచించండి. మన ఒంట్లో రోగ నిరోధక శక్తి అనే కాపలా ఉంది. కాని రేబిస్ వైరస్ రక్తంలో తిరగదు. గాయం దగ్గరి నరంలో దూరి, నరం వెంబడే మెదడుకు ప్రాకుతుంది. కాపలా కంటపడదు. మెదడు చేరాక కూడా, శరీరం మోగించవలసిన ప్రమాద ఘంటను మోగనివ్వదు. అందుకే లక్షణాలు కనిపించే నాటికి చాలామంది రక్తంలో దాన్ని ఎదిరించే యాంటీబాడీలు తయారై ఉండవు. అప్పుడు ఏ మందూ దాదాపు పనిచేయదు.

ఆ రోజుల్లో ఈ వైరస్‌ను ఎవరూ చూడలేదు. కాని రోగం మెదడులో ఉంటుందనీ, కాటుకూ రోగానికీ మధ్య సాధారణంగా కొన్ని వారాలు, నెలలు గడుస్తాయనీ పాశ్చర్ గ్రహించారు. ఆ గడువులోనే శరీరాన్ని సిద్ధం చేయాలన్నదే ఆయన ఆలోచన. రోగంతో చచ్చిన కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి, బలహీనపడిన దానితో మందు తయారు చేశారు.

1885 జూలై 6న అల్సాస్ నుండి ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకు జోసెఫ్ మైస్టర్‌ను తీసుకొచ్చింది. పిచ్చికుక్క కరిచి రెండు రోజులైంది. తొందర తగదని సహచరుడు ఎమిల్ రూ వెనుకాడాడు. పాశ్చర్ ఎంతో మథనపడి ఒప్పుకున్నారు. డాక్టర్ గ్రాంషే చేత 13 సూదులు వేయించారు. బాలుడు బ్రతికాడు.

అదే ఏడాది నవంబరులో లూయీజ్ పెల్తియే అనే బాలికను తెచ్చారు. కాటు తలమీద, అదీ జరిగి 37 రోజులు! ఆలస్యమైందని తెలిసీ, తల్లిదండ్రుల కన్నీరు చూసి కాదనలేకపోయారు. డిసెంబరులో ఆమె చనిపోయింది. మందు అదే, వైద్యుడూ అతడే. దాటిపోయింది గడువు.

ఆయన పేరిట 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ వెలిసింది. అప్పుడు మన ప్రాంతమూ మద్రాసు రాజధానిలోనిదే. తర్వాత గొర్రె మెదడుతో చేసిన మందు వచ్చింది. బొడ్డు చుట్టూ 14 సూదులని పెద్దలు చెప్పుకునేది దాని గురించే. అరుదుగా ఆ మందు వల్ల రోగి నిరోధక శక్తి తన సొంత మెదడు మీదికే తిరిగేది. ఇప్పుడు అది లేదు. చేతికి వేసే కొద్దిపాటి సూదులతో సరిపోతుంది.

1895 సెప్టెంబరు 28న పాశ్చర్ కన్నుమూశారు. అప్పుడు ఒక చేయి భార్య చేతిలో ఉంది, మరొక చేతిలో సిలువ ఉంది. పారిస్‌లోని నోతర్ దామ్ ప్రధాన దేవాలయంలో అంత్యక్రియలు జరిగాయి.

తల్లిదండ్రులారా, మీ బిడ్డను కుక్క కరిస్తే వెంటనే గాయాన్ని పారే నీటిలో సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ సూదులు ఉచితం. చెప్పిన తేదీల్లో ఒక్కటీ మానకుండా వేయించండి. గాయం లోతైనదైతే, గాయం చుట్టూ వేసే మరో మందు గురించి కూడా డాక్టరును అడగండి. వ్యాధిలో ప్రార్థించమనీ, వైద్యునికీ చోటివ్వమనీ సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం మనకు బోధిస్తుంది. ప్రార్థన చేయండి, అయితే ఆసుపత్రికి వెళ్లే దారిలోనే చేయండి.