ఆచార్య శంభునాథ్ డే

ఉర్దూలో హైజా, తెలుగులో వాంతిభేది, వైద్యగ్రంథాలలో కలరా. పేరేదైనా ఈ వ్యాధి ఒకప్పుడు మన దేశంలో ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేయించింది. తీవ్రంగా సోకిన రోగి శరీరంనుండి గంటకు ఒక లీటరు వరకు నీరు పోవచ్చును. ఉదయం ఆరోగ్యంగా తిరిగిన మనిషి సాయంత్రానికి కళ్లు లోతుకుపోయి, నాడి అందక ప్రాణం విడిచేవాడు. 1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ కలకత్తాలో ఈ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని నిర్ధారించి, అది ఏదో విషాన్ని పుట్టిస్తున్నదని ఊహించారు. ఆ ఊహ ప్రయోగపూర్వకంగా రుజువు కావడానికి డెబ్బై అయిదేళ్లు పట్టింది. రుజువు చేసినవారు అదే కలకత్తా నగరంలో పనిచేసిన వైద్యాచార్యులు శంభునాథ్ డే.

ఆయన 1915 ఫిబ్రవరి 1వ తేదీన బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా గరీబాటి గ్రామంలో, అంతంతమాత్రపు స్థితిగల కుటుంబంలో జన్మించారు. ఉపకార వేతనం లభించినందున హుగ్లీ మొహ్సిన్ కళాశాలలో చేరగలిగారు. 1836లో నెలకొన్న ఆ విద్యాలయం హాజీ ముహమ్మద్ మొహ్సిన్ అనే ముస్లిం వితరణశీలి వదలిపోయిన ధర్మనిధితో ఏర్పడినది. మన కళాశాల పత్రిక పాఠకులకు ఈ సంగతి ప్రత్యేకంగా రుచిస్తుందని తలుస్తాను. పిమ్మట కలకత్తా వైద్య కళాశాలలో 1939లో వైద్యపట్టమూ, 1942లో ఉష్ణమండల వ్యాధులలో డిప్లొమా పొందారు. 1947లో లండన్ వెళ్లి రాయ్ కామెరాన్ పర్యవేక్షణలో పరిశోధన సాగించి, 1949లో డాక్టరేటుతో స్వదేశానికి తిరిగివచ్చారు.

తిరిగివచ్చిన ఆయనను ఆకర్షించినది కలరా. అప్పటి శాస్త్రజ్ఞులు అనేకులు ఆ సూక్ష్మజీవి చచ్చి చితికినప్పుడు వెలువడే విషం రక్తంలో కలిసి రోగిని చంపుతుందని భావించేవారు. అందుచేత జంతువుల రక్తనాళాలలోనికో, ఉదరకుహరంలోనికో సూదిమందు వలె ఎక్కించి చూసేవారు. ఫలితం అసలు వ్యాధిని పోలినది కాదు. డే ఆలోచన వేరు. వ్యాధి ప్రేగులో పుడుతున్నప్పుడు పరీక్ష కూడా ప్రేగులోనే జరగాలి గదా! ఆయన కుందేలు చిన్నప్రేగులో ఒక భాగాన్ని రెండు కొసల దారంతో బిగగట్టి, ఆ నడిమి సంచిలోనికి కలరా సూక్ష్మజీవులను ఎక్కించారు. మరునాటికి ఆ సంచి బియ్యం కడిగిన నీటివంటి ద్రవంతో ఉబ్బిపోయింది. సూక్ష్మజీవులు లేని సంచి చప్పిడిగానే ఉన్నది. ఈ పద్ధతిని 1953లో ప్రకటించారు. కుందేలు, దారం, సూది: పరికరాలు దాదాపు ఇంతే.

అసలు ఘట్టం 1959లో వచ్చింది. సూక్ష్మజీవులను పెంచిన ద్రవాన్ని వడగట్టి, వాటిని పూర్తిగా తొలగించి, మిగిలిన తేట ద్రవాన్ని మాత్రమే ప్రేగు సంచిలోనికి పంపారు. ఐనా సంచి ఉబ్బింది. అనగా క్రిమి అక్కడ ఉండనక్కరలేదు. అది బ్రతికి ఉండగా బయటికి విడిచిన పదార్థమే చాలును. ఈ ఫలితం అదే సంవత్సరం నేచర్ పత్రికలో వెలువడింది.

ఆ పదార్థం చేసే పని తరువాతి దశాబ్దాలలో తేటతెల్లమైంది. సన్నిపాత జ్వరం కలిగించే సాల్మొనెల్లా వంటి క్రిములు సూదివంటి సాధనంతో తమ ప్రోటీనులను మన కణంలోనికి గుచ్చి, కణమే తమను మింగేటట్లు చేస్తాయి. కలరా క్రిమి అలా చొరబడదు. ప్రేగు గోడకు అంటుకొని బయటనే ఉండి, విషాన్ని మాత్రం లోనికి పంపుతుంది. ఆ విషంలో ఐదు తునకలు కణం ఉపరితలంపై ఉండే ఒక కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటాయి. ఆరవ తునకలోని చురుకైన భాగం లోపలికి చేరుతుంది. మన కణాలలో బయటి హార్మోనుల సందేశాన్ని లోనికి అందించే ఒక ప్రోటీను ఉన్నది. పని ముగిసిన వెంటనే తనంతట తానే ఆగిపోవడం దాని స్వభావం. విషం దానికి ఒక రసాయనపు ముద్ర తగిలించి, ఆగే శక్తిని హరిస్తుంది. హార్మోను ఏదీ రాకపోయినా సందేశం మోగుతూనే ఉంటుంది. సైక్లిక్ ఏఎంపీ అనే సందేశద్రవ్యం కణంలో పేరుకుపోతుంది, క్లోరైడు ద్వారాలు తెరుచుకుంటాయి, లవణం వెంట నీరు ప్రేగులోనికి ప్రవహిస్తుంది. దొంగ తాళం పగులగొట్టలేదు, ఇంటివారి తాళపుచెవితోనే ద్వారం తెరిచి ఉంచాడు! ఆ సందేశద్రవ్యం ఏటీపీనుండి తయారవుతుంది. 1929లో ఆ ఏటీపీని ఫిస్క్‌తో కలిసి గుర్తించినవారు భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే.

ప్రేగు కణాలు చావలేదు, ఒరిసిపోలేదు, తప్పుడు ఆజ్ఞకు లోబడ్డాయి, అంతే. చక్కెరతోపాటు ఉప్పును లోనికి పీల్చుకునే మరొక ద్వారం చెడకుండానే ఉంటుంది. చక్కెర, ఉప్పు కలిపిన నీరు త్రాగించే చికిత్సకు ఆధారం ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమైన బన్‌గావ్‌లో వైద్యులు దిలీప్ మహలనబీస్ ఈ నీటితో అసంఖ్యాకులను కాపాడారు.

డే ఆ విషాన్ని శుద్ధిచేయాలని ప్రయత్నించారు గాని, తగిన సదుపాయాలు లేవు. 1969లో అమెరికాలో ఫిన్‌కెల్‌స్టీన్, లోస్పలూటో ఆ పని పూర్తిచేశారు. 1973లో కలకత్తా వైద్య కళాశాలనుండి ఆయన పదవీ విరమణ చేశారు. నోబెల్ బహుమతి గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును ఆ బహుమతికి ప్రతిపాదించారు. 1978లో కలరాపై జరిగిన నోబెల్ సదస్సుకు ఆహ్వానం కూడా అందింది. స్వదేశంలోని విజ్ఞాన పరిషత్తులు మాత్రం ఆయనను సభ్యునిగా ఎన్నుకోలేదు, పేరొందిన పురస్కారమేదీ ఇవ్వలేదు. ఇది నాకు అర్థంకాని విషయం; కలరా మన ఊళ్ల వ్యాధి, పరిశోధన మన ఆసుపత్రి ప్రక్కన జరిగింది.

1985 ఏప్రిల్ 15న ఆయన కన్నుమూశారు. ఐదేళ్ల తరువాత, 1990లో, బెంగుళూరునుండి వెలువడే కరెంట్ సైన్స్ పత్రిక ఆయన కృషికి ఒక ప్రత్యేక సంచికను అంకితం చేసింది.