ప్రవక్త (స) ఆదరించిన ముఅజ్జిన్

మనిషిని ఏ మాటతో పిలుస్తున్నామన్నది మనకు చిన్న విషయంగా కనిపిస్తుంది. వీధిలో ఒకే పేరు గలవారు ఇద్దరుంటే ఒకరిని పొడుగాయన అనీ, మరొకరిని కుంటాయన అనీ గుర్తు పెట్టుకుంటాం. ఉర్దూ మాట్లాడుకునే ఇళ్లలోనూ ఇదే అలవాటు. అంధా, లంగ్డా, బహ్రా, గూంగా అనే మాటలు పేరుకు అతుక్కున్నాయంటే ఇక మనిషి పోయేదాకా వదలవు. ఇంటి గుర్తు చెప్పేటప్పుడూ అదే మాట, పెళ్లి సంబంధం ప్రస్తావన వచ్చినప్పుడూ అదే మాట. చివరికి జనాజా ఎవరిదని అడిగినా అదే మాట. ఈ అలవాటు ఎంత బరువైనదో తెలుసుకోవాలంటే పద్నాలుగు వందల ఏళ్ల క్రితం జీవించిన ఒక సహాబీ చరిత్ర చదివితే చాలు. ఆయనే హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి).

ఆయన మక్కా వాస్తవ్యులు. ఖురైష్ తెగలోని బనూ ఆమిర్ శాఖకు చెందినవారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఖదీజా (రజి)కి మేనమామ కుమారుడు. మదీనా వారు ఆయన పేరు అబ్దుల్లాహ్ అని చెబితే, ఇరాఖ్ వారు అమ్ర్ అని చెప్పారు. కానీ లోకానికి ఆయన తల్లి పేరుతోనే పరిచయం. తల్లి అసలు పేరు ఆతికా. మక్తూమ్ అంటే మూసివేయబడినది, మరుగుపరచబడినది అని అర్థం. కళ్లు మూతపడిన బిడ్డను కన్నందువల్ల ఆమెను ఉమ్మె మక్తూమ్ అన్నారని కొందరు చరిత్రకారులు రాశారు. అంటే బిడ్డకు చూపు లేకపోతే తల్లి పేరే మారిపోయిందన్నమాట. లోకం తీరు అప్పుడూ అలాగే ఉంది.

మక్కాలో ఇస్లాం పిలుపు వినిపించిన తొలి రోజుల్లోనే ఆయన ఆ పిలుపు అందుకున్నారు. ఖుర్ఆన్ నేర్చుకోవాలన్న తపన ఆయనకు ఎక్కువ. ఒకరోజు దైవప్రవక్త (స) ఖురైష్ పెద్దలతో మాట్లాడుతున్నారు. వారు విశ్వసిస్తే వారి వెనుక ఎంతోమంది వస్తారన్నది ఆయన (స) ఆశ. ఆ సమయంలోనే ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి, అల్లాహ్ నేర్పినదానిలో తనకూ కొంత నేర్పమని అడిగారు. ఎదుట ఎవరు కూర్చున్నారో ఆయనకు కనబడదు. అందువల్ల మళ్లీ మళ్లీ అడిగారు. మాట మధ్యలో తెగిపోవడంతో ప్రవక్త (స) నుదుట ముడత పడింది. ముఖం పెద్దలవైపు తిప్పుకున్నారు.

జరిగింది అంతే. ఒక్క కఠినమైన మాట కూడా ప్రవక్త (స) నోట రాలేదు. అయినా ఆ సంఘటనపై ఆకాశం నుంచి వహీ దిగింది. ఖుర్ఆన్‌లోని 80వ సూరా అయిన అబస సూరా తొలి ఆయతులు ఈ సంఘటన గురించి అవతరించినవే. శుద్ధి కోరి పరుగున వచ్చినవాణ్ణి వదిలి, అవసరమే లేదనుకునేవారి వైపు మొగ్గడం తగదని అల్లాహ్ తన ప్రియ ప్రవక్త (స)ను ఆ ఆయతులలో హెచ్చరించాడు.

పాఠకులు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ముడిపడిన ఆ నుదురును ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) చూడలేదు. ఆయనకు చూపే లేదు కదా! ముఖం చిట్లించిన సంగతి ఆయనకు తెలిసే అవకాశమే లేదు. అయినా అల్లాహ్ దానిని లెక్కలోకి తీసుకున్నాడు. ఎదుటివారికి తెలియని ముఖకవళికకే ఇంత విచారణ ఉంటే, వారి చెవిన పడేలా మనం అనే మాటల సంగతేమిటి? వారు లేనప్పుడు వారి నడకను అనుకరించి నవ్వుకునే నవ్వుల సంగతేమిటి?

మరో విషయం కూడా ఉంది. ఆ ఆయతులలో ఆయనను చూపులేనివాడు అనే అర్థమిచ్చే మాటతోనే ప్రస్తావించడం జరిగింది. అది కించపరచడానికి కాదనీ, మధ్యలో మాట్లాడటానికి ఆయనకున్న కారణాన్ని తెలపడానికేననీ ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. ఉన్న స్థితిని అవసరమైనచోట చెప్పడం వేరు, ఆ స్థితినే మనిషికి పేరుగా తగిలించడం వేరు.

ఆ రోజు తర్వాత ప్రవక్త (స) ఆయనను చూసినప్పుడల్లా ఎంతో ఆదరంగా ఆహ్వానించేవారు. కూర్చోవడానికి తన పైవస్త్రం పరచేవారనీ, ఏమైనా అవసరముందా అని అడిగేవారనీ ఉల్లేఖనాలున్నాయి. మాటల విషయంలో కూడా ప్రవక్త (స) ఆదర్శం చూపారు. మదీనాలోని బనూ వాఖిఫ్ వాడలో చూపులేని సహచరుడు ఒకరు ఉండేవారు. ఆయనను పరామర్శించడానికి వెళుతూ ప్రవక్త (స) ఆయనను బసీర్ అని పేర్కొన్నారు. బసీర్ అంటే చక్కగా చూడగలవాడు అని అర్థం. మన పెద్దలు చూపులేని వారిని నాబీనా అనడం, ఆప్యాయంగా హాఫిజ్‌జీ అని పిలవడం కూడా ఈ మర్యాద నుంచి వచ్చినవే.

అయితే గౌరవం మాటల దగ్గరే ఆగిపోలేదు. మదీనాలో ఇస్లాం వేళ్లూనడానికి ముందుగా వెళ్లిన వారిలో హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి)తోపాటు ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ఉన్నారు. వారిద్దరూ అక్కడి ప్రజలకు ఖుర్ఆన్ బోధించారు. నిన్న మాట మధ్యలో వచ్చి నేర్పమని అడిగిన వ్యక్తి నేడు ఒక పట్టణానికి గురువయ్యారు.

క్రీ.శ. 622లో ప్రవక్త (స) మదీనా చేరిన తర్వాత మస్జిదె నబవీలో అజాన్ ఇచ్చే భాగ్యం హజ్రత్ బిలాల్ (రజి)తోపాటు ఆయనకు లభించింది. రంజాన్‌లో బిలాల్ (రజి) రాత్రి ఉండగానే అజాన్ ఇచ్చేవారు. అది నిద్రపోతున్నవారిని లేపడానికి. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ వినిపించేదాకా తినవచ్చు, తాగవచ్చు అని ప్రవక్త (స) ప్రజలకు తెలిపారు. తెల్లవారిందని ఎవరైనా చెబితేనే ఆయన అజాన్ ఇచ్చేవారు. చూపున్న మదీనా అంతా చూపులేని ఆయన గొంతు విని సహరీ ముగించేది. ఆయనకు కావలసిందల్లా వేళ అయిందని చెప్పే ఒక్క మనిషి.

ప్రవక్త (స) మదీనా వదిలి బయటికి వెళ్లవలసి వచ్చినప్పుడు నమాజ్ చేయించే బాధ్యతను ఆయనకు అప్పగించిన సందర్భాలు అనేకం. అవి 13 అని కొందరు లెక్క చెప్పారు. హిజ్రీ 3లో జరిగిన ఉహద్ యుద్ధం, హిజ్రీ 5లో జరిగిన కందకయుద్ధం వాటిలో ఉన్నాయని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి.

ఒకసారి ఆయన తనను మస్జిద్‌కు తీసుకొచ్చేవారు లేరనీ, ఇంట్లోనే నమాజ్ చేసుకునేందుకు అనుమతి ఇవ్వమనీ కోరారు. ప్రవక్త (స) మొదట అనుమతించి, తర్వాత వెనక్కి పిలిచి, అజాన్ వినబడుతుందా అని అడిగారు. వినబడుతుందని ఆయన అనగా, అయితే రావాలని చెప్పారు. దీని ఫిఖ్‌హ్ వివరాలు ఉలమాలు విడిగా చర్చించారు. మనం గమనించవలసింది ఒకటుంది. జాలి పేరుతో ఆయనను జమాత్ నుంచి తప్పించి ఇంట్లో కూర్చోబెట్టలేదు. ఆ వరుసలో ఆయన స్థానం ఆయనకు ఉంది.

మరో సందర్భం నిసా సూరా 95వ ఆయతుకు సంబంధించినది. దైవమార్గంలో పోరాడేవారు, ఇంట కూర్చున్నవారు సమానులు కారని ఆ ఆయతు అవతరించింది. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) దానిని జంతువు భుజపుటెముకపై రాస్తున్నారు. పక్కనే ఉన్న ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) తన స్థితి చెప్పుకుని, తనలాంటివారి మాటేమిటని వేదనతో అడిగారు. అక్కడికక్కడే మళ్లీ వహీ దిగింది. శారీరక ఇబ్బంది గలవారికి మినహాయింపునిచ్చే మాటలు ఆ ఆయతులో చేరాయి. ఎముకపై ఉన్న పగులు పక్కన ఆ మాటలు రాసిన చోటు ఇప్పటికీ తన కళ్లముందు ఉందని జైద్ (రజి) తర్వాతి కాలంలో గుర్తు చేసుకునేవారు.

మినహాయింపు దొరికినా ఆయన మనసు ఊరుకోలేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, క్రీ.శ. 636 ప్రాంతంలో, ఇరాఖ్‌లోని ఖాదిసియ్యాలో పర్షియన్ సైన్యంతో పెద్ద యుద్ధం జరిగింది. చూపులేని తాను పారిపోలేననీ, కాబట్టి జెండా తనకివ్వమనీ ఆయన అనేవారట. ఆ రణరంగంలో కవచం ధరించి, నల్లజెండా చేతబట్టి నిలబడిన ఆయనను హజ్రత్ అనస్ (రజి) చూశారు. అక్కడే షహీద్ అయ్యారని కొందరు, మదీనా తిరిగివచ్చి మరణించారని మరికొందరు రాశారు.

ఆ మహనీయుని జీవితం ముందు మన మాటతీరును పెట్టి చూసుకుందాం. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దనీ, చెడ్డ మారుపేర్లతో పిలుచుకోవద్దనీ హుజురాత్ సూరా 11వ ఆయతు స్పష్టంగా నిషేధించింది. మరి హదీసు ఉల్లేఖకులలో ఆమష్ (కంటిజబ్బు గలవారు), ఆరజ్ (కుంటివారు) అనే పేర్లు ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ పేరుతో తప్ప గుర్తుపట్టలేనప్పుడు, చిన్నచూపు లేకుండా, గుర్తు కోసం మాత్రమే అనవచ్చనీ, వేరే విధంగా గుర్తు చెప్పగలిగితే అదే మేలనీ ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహ్) వివరించారు.

ఈ మసలా నేను మదరసాలో చదువుకున్నాను. అయినా తప్పు చేశాను. కొత్తగా మక్తబ్‌లో పాఠం చెబుతున్న రోజుల్లో నా దగ్గర ఒకే పేరు గల పిల్లలు ఇద్దరుండేవారు. ఒకరికి పోలియో వల్ల కాలు సన్నబడింది. హాజరు పిలిచేటప్పుడు తేడా తెలియడానికి ఆ పిల్లవాడి పేరుకు ముందు లంగ్డా అని చేర్చేవాణ్ణి. వారం తిరక్కుండానే పిల్లలందరూ అసలు పేరు మానేసి అదొక్కటే పట్టుకున్నారు. కొన్నాళ్లకు ఆ పిల్లవాడి నానీ వచ్చి, తండ్రి పేరు చేర్చి పిలిస్తే తేడా తెలియదా మౌల్వీ సాబ్ అని నెమ్మదిగా అడిగింది. నాకు నోట మాట రాలేదు. ముప్ఫయ్యవ పారాలోని అబస సూరాను ఆ పిల్లలచేత కంఠస్థం చేయించింది నేనే.

నేడు మన దేశ చట్టం కూడా ఈ విషయంలో కఠినంగానే ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 92వ సెక్షన్ ప్రకారం, నలుగురూ చూసేచోట వికలాంగులను ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్లదాకా జైలుశిక్ష, జరిమానా పడవచ్చు. ప్రభుత్వాలు దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అనే పేర్లు వాడుతున్నాయి. ఆ పేర్లు నచ్చనివారూ వారిలో ఉన్నారు. అందుకే ఏ మాట బాగుంటుందో వారినే అడగడం మంచి పద్ధతి. అన్నిటికన్నా సులువైనది, వారి తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలవడం. పిల్లవాడు గ్లాసు తన్ని నీళ్లు ఒలకబోస్తే గుడ్డివాడివా అని తిట్టడం కూడా మానుకోవాలి. ఆ మాట పక్కింట్లో చూపులేక కూర్చున్న మనిషికి వినబడుతుంది.

అల్లాహ్ మన నాలుకలను, మన చూపులను సరిదిద్దుగాక! మన మాట వల్ల నొచ్చుకున్నవారిని క్షమాపణ అడిగే ధైర్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.