పురోహితుని బిడ్డ పావ్లోవు

ఇవాన్ పావ్లోవు 1849లో రష్యా దేశమున ర్యజాన్ పట్టణమందు ఒక క్రైస్తవ పురోహితుని ఇంట జన్మించెను. బాల్యమున ఎత్తునుండి పడి దెబ్బ తినుటచే పదునొకండవ యేటగాని బడి ముఖము చూడలేదు. తండ్రి త్రోవనే పోదలచి మతవిద్యాలయమున చేరెను గాని, సేచెనోవ్ వ్రాసిన మెదడు శాస్త్రగ్రంథము ఆయన మనసు మార్చినది. 1870లో పీటర్స్‌బర్గు విశ్వవిద్యాలయమునకు తరలిపోయెను.

1895లో అచటి సైనిక వైద్య విద్యాపీఠమున శరీరధర్మశాస్త్రాచార్యుడయ్యెను. కుక్క మింగిన ఆహారము కడుపు చేరక మెడయొద్దనే వెలికి వచ్చునట్లు శస్త్రచికిత్స చేసి, అయినను జఠరరసము ఊరుటను చూపెను. ఆ ఊటకు నాడియే ప్రేరకమని తేలినది. జీర్ణక్రియపై చేసిన ఈ కృషికే 1904లో నోబెల్ బహుమానము లభించినది. మన పాఠములలో ఆయన పేరు చెప్పగనే గంట మ్రోగును. నిజమునకు మెట్రోనోము, దీపము మున్నగునవి కూడ ఆయన వాడెను.

వేసవి వచ్చినచో ప్రయోగశాల ఊసే లేదు. ఎస్తోనియా తీరమున సిల్లమే గ్రామమునకు పోయి బాల్టిక్ సముద్రపు చల్లని నీట ఈదుట, సైకిలు త్రొక్కుట, తోట త్రవ్వుట, గొరొద్కీ ఆడుట. కఱ్ఱ విసరి కఱ్ఱముక్కలను పడగొట్టు ఆ ఆట మన బిళ్లంగోడుకు దూరపు చుట్టమనవచ్చును.

విప్లవానంతరపు కఱవులో, 1921లో, లెనిన్ ప్రత్యేక శాసనముచే ఆయనకు వసతులు కల్పించెను. అయినను ప్రభుత్వమును విమర్శించుట మానలేదు. 1924లో పురోహితుల కుమారులను విద్యాపీఠమునుండి వెళ్ళగొట్టగా, తానును అట్టి వాడే యగుటచే ఆచార్యపదవిని విడిచెను. అప్పటికి వయసు దాదాపు 75 ఏండ్లు. తక్కిన ప్రయోగశాలలలో మాత్రము 1936లో మరణించు వఱకు పరిశోధన సాగించెను.