స్త్రీజన ప్రాణదాత అన్నా సారా కుగ్లర్

గుంటూరు సీమలో కుగ్లర్ ఆసుపత్రి పేరు విననివారు అరుదు. అయినను ఆ పేరు గల వైద్యురాలి చరిత్రము నెఱిగినవారు కొందరే. వ్యాధిని దాచుకొని కృశించుటయే కులస్త్రీకి లక్షణమని లోకము తలచు కాలమున, ఆ భావమును మాన్పుటకు పాటుపడిన పుణ్యచరిత ఆమె.

అన్నా సారా కుగ్లర్ 1856వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన అమెరికాదేశమందలి పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. స్త్రీలు వైద్యము నభ్యసించుట ఆ దేశమందును వింతగా దోచు దినములవి. ఆమె ఫిలడెల్ఫియా నగరమందలి మహిళా వైద్యకళాశాలలో చదివి 1879లో పట్టభద్రురాలయ్యెను. కొంతకాలము నారిస్‌టౌను వైద్యశాలయందు స్త్రీరోగులకు చికిత్స చేసి, 1883 నవంబరులో లూథరను మిషను పక్షమున గుంటూరు చేరెను.

మిషనువారు తొలుత ఆమెకు నియమించిన పని వైద్యము కాదు. ఘోషాలోని స్త్రీల యిండ్లకు పోయి చదువు చెప్పుట. కాని ఆ యిండ్లలో ఆమెకు కన్పట్టినది వేఱొక యవసరము. పరపురుషుడు స్త్రీ దేహమును పరీక్షింపరాదన్న కట్టుబాటుచే నెందరో యిల్లాండ్రు వైద్యము లేకయే మంచము పట్టుచుండిరి. గాలి వెలుతురు చొరని గదిలో పురుడు. కడుగని చేతులతో మంత్రసాని పని. శుద్ధిచేయని కత్తితోనో కొడవలితోనో బొడ్డుకోత. వీనివలన తల్లికి సూతికాజ్వరమును, బిడ్డకు ధనుర్వాతమును సోకుచుండ, జనులు గ్రహచారమని సరిపెట్టుకొనుచుండిరి. కుగ్లర్ అట్లు సరిపెట్టుకొనలేదు. చదువు చెప్పుచునే చికిత్సకు పూనుకొనెను. 1885లో మిషను ఆమెను వైద్యురాలిగానే నియమించెను.

1898లో ఆమె కృషి ఫలించి గుంటూరున స్త్రీలకును శిశువులకును వైద్యశాల వెలసెను. తానొక్కతె ఎందరికి మందీయగలదని యోచించి, ఈ ప్రాంతపు స్త్రీలకే పరిచారికావృత్తి నేర్పించెను. ఆ చికిత్సచే మేలు పొందిన ఏలూరు జమీందారు కృతజ్ఞుడై, రోగుల బంధువులు విడియుటకు ఆసుపత్రి చెంత సత్రము కట్టించెను. స్వదేశమును వీడిన 47వ యేట, 1930 జూలై 26న, ఆమె గుంటూరులోనే కన్నుమూసెను.

ఇప్పుడు వైద్యురాండ్రున్నారు, ఆసుపత్రులున్నవి. అయినను సిగ్గు పూర్తిగా తొలగలేదు. ఇంటిల్లిపాదికి వడ్డించి మిగిలినది తిను ఇల్లాలు రక్తహీనురాలై ప్రసవమునాడు ఆపదపాలగుచున్నది. బహిష్టు దినములయందు చీకటిమూల నారిన తడిగుడ్డ వ్యాధులకు తావగును. ఉతికి యెండలో నారవేసిన గుడ్డకు దోషములేదు. గర్భిణి వేళకు తినవలెను; ఆకుకూరలు, పప్పు, పాలు ఆమెకు ముందుగా వడ్డింపవలెను; నెలలు నిండువఱకు వేచియుండక తొలినాళ్లనుండియే పరీక్ష చేయించవలెను. రొమ్మున గడ్డ కనబడినను, ముట్లుడిగిన పిదప రక్తము కనబడినను, నొప్పిలేదుగదా యని యుపేక్షింపరాదు. నాడే వైద్యునికి చూపినచో నయమగు వ్యాధి ఆలస్యముచే ప్రాణాంతకమగును.

ఈ భారమంతయు స్త్రీలదే కాదు. భార్య నీరసించినదేమని యడుగని భర్తయు, కోడలి బాధను నటనయని త్రోసివేయు అత్తయు ఆ వ్యాధికి తోడ్పడినవారే. నాడు కుగ్లర్ గడప దాటి లోనికి పోయి స్త్రీలను అడిగి తెలిసికొనెను. నేడు ఆ గడపలోపల నున్నవారే యడుగవలెను.