ఐన్‌స్టీన్ కష్టమన్నారు.. జ్వికీ కుదురుతుందన్నారు! చనిపోయిన ఐదేళ్లకు నిజమైన అంచనా

1979లో సప్తర్షి మండలం వైపు పక్కపక్కనే రెండు క్వాసార్లు కనిపించాయి. రెండింటి కాంతి దాదాపు ఒకేలా ఉంది. తీరా చూస్తే అవి రెండు కాదు.. ఒక్కటే! దారిలో ఉన్న గెలాక్సీ గురుత్వాకర్షణ ఆ కాంతిని వంచేసి, ఒకే క్వాసార్‌ను రెండుగా చూపించింది. అంటే గెలాక్సీయే భూతద్దంలా పనిచేసిందన్నమాట. ఇది సాధ్యమేనని 42 ఏళ్ల ముందే చెప్పిన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్వికీ. కానీ ఆ రోజు చూడ్డానికి ఆయన లేరు.

1898 ఫిబ్రవరి 14న బల్గేరియాలోని వార్నాలో జ్వికీ పుట్టారు. తండ్రి స్విట్జర్లాండ్ దేశస్థుడు. జ్యూరిచ్‌లో చదువుకుని, 1925లో అమెరికాలోని కాల్‌టెక్‌కి వెళ్లారు. కోమా గెలాక్సీల గుంపును లెక్కగడితే, కంటికి కనిపించే పదార్థం ఏమాత్రం సరిపోవడం లేదని 1933లో తేల్చారు. అదే ఇప్పుడు మనం చెప్పుకునే డార్క్ మ్యాటర్. మరుసటి ఏడాది వాల్టర్ బాడేతో కలిసి న్యూట్రాన్ నక్షత్రాలు ఉంటాయని ప్రతిపాదించారు. అప్పట్లో వీటిని పట్టించుకున్నవాళ్లు తక్కువే. పైగా జ్వికీది ముక్కుసూటి మనిషి తత్వం, కోపం కూడా ఎక్కువే. తోటివాళ్లలో చాలామందికి ఆయనంటే పడేది కాదు.

ఒక నక్షత్రం మరో నక్షత్రానికి భూతద్దంలా మారొచ్చు గానీ, దాన్ని చూడటం దాదాపు అసాధ్యమని 1936లో ఐన్‌స్టీన్ రాశారు. జ్వికీ ఇంకోలా ఆలోచించారు. నక్షత్రం చిన్నది సరే, గెలాక్సీ బరువు మాటేంటి? వెతికితే కచ్చితంగా దొరుకుతుందని 1937లో ప్రకటించారు.

వెతకాలంటే ఆకాశం మొత్తం జల్లెడ పట్టాలి. పాలోమర్ కొండపై 18 అంగుళాల ష్మిట్ టెలిస్కోప్‌తో ఆయన చేసింది అదే. రాత్రుళ్లు ఫొటోలు తీస్తూ, పాత వాటితో పోల్చుతూ వందకు పైగా సూపర్‌నోవాలు పట్టారు. 1974 ఫిబ్రవరి 8న కన్నుమూశారు.

ఇప్పుడు ఆ పని కంప్యూటర్లు చేస్తున్నాయి. గయా లాంటి భారీ సర్వేల్లో కోట్లాది చుక్కల మధ్య, దగ్గరదగ్గరగా ఒకే రంగులో ఉన్న జంటలను ఏరి, అవి నిజంగా ఒకే క్వాసారా అని తేలుస్తారు. ఒక ప్రతిబింబం మరోదానికంటే ఆలస్యంగా మెరుస్తుంది. 1979 నాటి జంటలో ఆ తేడా సుమారు 417 రోజులు! ఇలాంటి తేడాలతోనే విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో లెక్కిస్తున్నారు.

అదే పాలోమర్ కొండపై ఇప్పుడు నడుస్తున్న ఆకాశ సర్వేకు జ్వికీ పేరే పెట్టారు. 2022లో ఆ సర్వేకి ఒక సూపర్‌నోవా చిక్కింది. మధ్యలోని గెలాక్సీ దాన్ని ఏకంగా నాలుగుగా చూపించింది. దానికి పెట్టిన పేరు కూడా.. జ్వికీనే!