చెప్పులు కుట్టిన చేతులు: విలియం కేరీగారి జీవితము



ఈ శతవార్షికోత్సవ సమయమున మన పూర్వికులైన మిషనెరీలను, గురువులను, ఉపదేశులను కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనుట యుక్తమే. అయితే మనలో ఎక్కువమందిమి బోధకులము కాము. పొలములోను, బడిలోను, ఆసుపత్రిలోను, ఆఫీసులోను, దుకాణములోను, వంటయింటిలోను వారమునకు ఆరు దినములు గడుపువారము. ఆ ఆరు దినములు మన విశ్వాసము ఎక్కడ నుండును? ఈ ప్రశ్నకు విలియం కేరీగారి జీవితములో జవాబు దొరుకును. ఆయనను గొప్ప మిషనెరీగా మనమందరము ఎరుగుదుము. ఆయన చాలకాలము తన చేతులతో పనిచేసి పొట్ట పోసికొనిన కష్టజీవి అనుమాట మాత్రము తరచుగా మరచిపోవుదుము.

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరి అను గ్రామమున 1761 ఆగస్టు 17వ తేదీన ఆయన జన్మించిరి. తండ్రి ఎడ్మండ్ నేతపనివాడు. తరువాత ఊరి బడిపంతులాయెను. చర్మవ్యాధి వలన ఎండలో పనిచేయలేని బాలుడు విలియం, పిడింగ్టన్ గ్రామములో చెప్పులు కుట్టు నికల్స్ అను యజమానియొద్ద పని నేర్చుకొనుటకు చేరెను.

ఆ దినములలో జరిగిన ఒక చిన్న సంగతి మనకందరకు తగినది. క్రిస్మస్ సమయమున వర్తకులు పని నేర్చుకొను పిల్లలకు బహుమానమిచ్చుట అక్కడి వాడుక. ఇనుప సామాను అమ్ము ఒక వర్తకుడు విలియంకు ఒక షిల్లింగు ఇచ్చెను. బజారులో తనకు కావలసినవి కొనబోగా అది చెల్లని ఇత్తడి నాణెమని తెలిసెను. అతని చేతిలో యజమాని సొమ్మును ఉండెను. అందులోని మంచి షిల్లింగు తాను తీసికొని, చెల్లనిదానిని దాని స్థానములో ఉంచి, చెల్లని నాణెము యజమాని సొమ్ములోనిదేనని అబద్ధమాడ నిశ్చయించుకొనెను. ఇంటికి నడచుచు, ఈ ఒక్క తప్పు దాటించినయెడల ఇకమీదట చెడుతనమునకు పోనని దేవునికి ప్రార్థన కూడ చేసెను! యజమాని విచారింపగా మోసము బయటపడెను. నలుగురికి తెలిసిపోయినదని సిగ్గుపడి కొన్నాళ్లు గుడికి కూడ పోలేదు. ఈ సంగతిని కేరీగారు పెద్దవారైన తరువాత దాచక తామే వ్రాసియుంచిరి. ఆ ప్రార్థన నెరవేరకపోవుటయే ఆయనకు మేలాయెను. తన నిజస్థితి ఆయనకు తెలిసినది గుడిలో కాదు, యజమాని లెక్క అప్పగించుచోటనే.

రక్షణమార్గము కూడ పనిచేయు చోటనే ఎదురయ్యెను. తోటి పనివాడైన జాన్ వార్ అను యువకుడు సూదిదారము చేతపట్టుకొనియే ఆయనతో క్రీస్తును గూర్చి వాదించెడివాడు. మొదట ఎదిరించిన కేరీగారు కొంతకాలమునకు లోబడిరి. 1783లో బాప్తిస్మము పొందిరి. తరువాత మౌల్టన్ గ్రామ సంఘమునకు కాపరియైనను, ఆ సంఘమిచ్చు కొద్దిపాటి జీతము చాలక బడి నడుపుచు, చెప్పులు కుట్టుచు కుటుంబమును పోషించిరి. పనిచేయు చోట గోడకు ప్రపంచపటము అంటించుకొని, సువార్త చేరని దేశముల వివరములు అందులో వ్రాసికొనిరి. ఆ భారము ఫలితముగానే 1792 అక్టోబరు 2వ తేదీన కెటరింగ్‌లో మిషను సంఘము స్థాపింపబడెను. మరుసటి సంవత్సరము నవంబరులో కేరీగారు సకుటుంబముగా కలకత్తా చేరిరి.

చేరిన కొలదికాలమునకే చేతిలోని డబ్బు అయిపోయెను. 1794లో మాల్దా ప్రాంతమున మద్నాబతి అనుచోట నీలిమందు కర్మాగారమునకు మేనేజరుగా కుదిరిరి. జీతము దొరకగానే ఆయన చేసిన మొదటి పనులలో ఒకటి, ఇంగ్లండులోని సంఘమువారికి ఉత్తరము వ్రాసి, ఇక తనకు డబ్బు పంపవద్దనియు, దానిని మరియొక మిషనెరీ నిమిత్తము వాడవలసినదనియు కోరుట.

1800లో శ్రీరాంపురము చేరి మార్ష్‌మన్, వార్డుగార్లతో కలసి పనిచేసిరి. మార్ష్‌మన్‌గారు ఉపాధ్యాయుడు, వార్డుగారు అచ్చుపనివాడు. అక్కడ బాప్తిస్మము పొందిన మొదటి బెంగాలీ కృష్ణపాల్ వడ్రంగి. బెంగాలీ అచ్చు అక్షరములు చెక్కిన పంచానన కర్మకారుడు కమ్మరి వంశీయుడు. 1801లో బెంగాలీ క్రొత్తనిబంధన వెలువడెను. అదే సంవత్సరము కేరీగారు కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో బెంగాలీ బోధించుటకు నియమింపబడిరి. జీతము మొదట నెలకు 500 రూపాయలు, తరువాత 1,000 రూపాయలు. అందులో కుటుంబమునకు కావలసిన కొద్ది మొత్తము ఉంచుకొని, మిగిలినదంతయు మిషను ఉమ్మడి నిధికి ఇచ్చివేసిరి. ఒకప్పుడు ఒక్క షిల్లింగుకై అబద్ధమాడిన చేతులే ఇవి!

1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున శ్రీరాంపురము ముద్రాలయము కాలిపోయెను. కాగితము, అక్షరములు, ఏండ్ల తరబడి వ్రాసిన చేతిప్రతులు బూడిదయ్యెను. అందులో మన తెలుగు వ్యాకరణపు ప్రతియు నుండెను. కేరీగారు శోకించిరి గాని కూలబడలేదు. కరిగిన సీసమును పోగుచేసి మరల అక్షరములు పోతపోసిరి. ఆయన తెలుగు వ్యాకరణము 1814లోను, శ్రీరాంపురపు తెలుగు క్రొత్తనిబంధన 1818లోను అచ్చయ్యెను. కాలిపోయిన పనిని మరల మొదటినుండి చేయు ఓర్పు కూడ విశ్వాసమే.

1829 డిసెంబరులో సతీసహగమనమును నిషేధించు ప్రభుత్వ శాసనము బెంగాలీలోనికి అనువదించుటకై ఒక ఆదివారము ఉదయమున ఆయన చేతికి వచ్చెను. ఆలస్యమైన ప్రతి గంటకు ఎక్కడో ఒక విధవరాలు చితికెక్కవచ్చును. ఆయన ప్రసంగమును మరియొకరికి అప్పగించి, సాయంకాలమువరకు కూర్చుండి ఆ పని ముగించిరి. ఆనాటి ఆరాధన ఆయనకు అదియే.

అయితే నీడలేని జీవితముగా దీనిని చెప్పుట న్యాయము కాదు. ఆయన భార్య డొరొతీగారు ఇష్టములేకయే ఈ దేశమునకు వచ్చిరి. 1794లో అయిదేండ్ల కుమారుడు పీటర్ మరణించిన తరువాత ఆమెకు మతి చలించెను; 1807లో చనిపోవు వరకు కోలుకొనలేదు. ఆయన ఆమెను విడిచిపెట్టలేదు. తన యింటనే ఉంచుకొనిరి. కాని అనువాదముల ఒత్తిడిలో పిల్లల పెంపకము చాలవరకు మార్ష్‌మన్ దొరసానిగారి మీదను, వార్డుగారి మీదను పడెను. ప్రభువు పని అను పేరుతోనైనను ఇల్లు వెనుకబడినయెడల నష్టము నష్టమే. దీనిని కూడ మనము నేర్చుకొనవలెను.

పెద్దల విందులో ఒక సైన్యాధికారి, ఈయన పూర్వము పాదరక్షలు తయారుచేయువాడు కాడా అని ప్రక్కవానిని అడుగగా, కేరీగారు విని, తయారుచేయువాడను కూడ కాను, పాతవి బాగుచేయువాడను మాత్రమే అని బదులు చెప్పినట్లు ప్రసిద్ధి. 1834 జూన్ 9వ తేదీన ఆయన శ్రీరాంపురములో ప్రభువునందు నిద్రించిరి.

మన తెలుగు సంఘములలో అనేకుల తాతముత్తాతలు తోలుపని చేసినవారు, కూలికి పోయినవారు. ఆ పనిని బట్టి లోకము వారిని దూరముగా నిలిపెను. సూదిదారము పట్టిన చేతులను దేవుడు దూరముగా నిలుపలేదు. కాబట్టి ప్రియులారా, మన పనిని గూర్చి సిగ్గుపడవద్దు; మన పనిలోని మోసమును గూర్చియే సిగ్గుపడుదము. రేపు సోమవారము లెక్క వ్రాయునప్పుడు, త్రాసు పట్టునప్పుడు, రోగికి మందిచ్చునప్పుడు, ఇంటివారితో మాటలాడునప్పుడు మందిరములో మనము పాడిన పాట అక్కడ వినబడునా? వినబడునట్లు ప్రభువు మనకందరకు కృపననుగ్రహించును గాక. ఆమేన్.